ఎర్రకుచ్చు కోసం కొన్న టీవీ

మా ఇంటికి టీవీ రావడానికి కారణం ఒక ఇన్‌లాండ్ లెటరు. మిలిటరీలో ఉన్న మా చిన్నాయన రాశాడు. జనవరి ఇరవయ్యారున ఢిల్లీలో జరిగే కవాతుకి వాళ్ల దళాన్ని తీసుకున్నారట, అందులో తనూ ఉన్నాడట. టీవీలో దేశమంతా చూస్తారు, ఎలాగైనా అమ్మకు చూపించండి అని రాశాడు. గుర్తు కూడా రాశాడు. వాళ్లందరికీ తలపాగా మీద పెద్ద ఎర్రకుచ్చు ఉంటుంది, అంత ఎర్రది ఇంకే దళానికీ ఉండదు, తను చివరి వరసలో ఈ పక్క కొసన నడుస్తాడు. ఈ పక్క అంటే ఏ పక్కో రాయలేదు. మా చిన్నాయన ఎప్పుడూ అంతే, సగం చెప్పి సగం మనకే వదిలేస్తాడు.

ఆ ఉత్తరం అవ్వకు చదివి వినిపించింది నేనే. మా నాయనకూ చిన్నాయనకూ తల్లి అవ్వ. అక్షరం ముక్క రాదు. చిన్నకొడుకుని చూసి అప్పటికి రెండేళ్లు దాటింది. సెలవు దొరికిందని రాయడం, మళ్లీ రద్దయిందని రాయడం, ఇదే వరస. అవ్వ ఆ ఉత్తరం మూడుసార్లు చదివించుకుంది. మూడోసారి కుచ్చు దగ్గర ఆపించింది.

"తలకాయ మీద కుచ్చా? కోడిపుంజుకు మాదిరా?"

"అవునవ్వా."

"వాడికి బాగుంటాది," అని, "చూడాలమ్మే. నేను చూడాల," అంది.

ఆ మాట విని మా ఇంట్లో అందరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఎందుకంటే ఉదయగిరిలో మా చర్చి వీధిలో టీవీ అన్న మాట ఎత్తనివ్వకుండా చేసింది అవ్వే. సినిమా పాపం, టీవీ ఇంట్లోకొచ్చిన సినిమా, కాబట్టి ఇంట్లోకొచ్చిన పాపం. ఆమె లెక్క అది. తొంభైల మొదట్లో ఊళ్లో ఆఫీసర్ల ఇళ్ల మీదా రెండు మూడు పెద్దిళ్ల మీదా యాంటెనాలు లేచాయి గానీ మా వీధి కప్పుల మీద కాకులు తప్ప ఏమీ ఉండేవి కావు. అలాంటి అవ్వ "ఆ డబ్బా కొనుక్కొని రారా" అని నాయనతో అనేసరికి, ఆయన చేతిలో కాఫీ గ్లాసు అలాగే ఉండిపోయింది.

వింజమూరులో ఒక షాపు ఉండేది గానీ, మేం ఆత్మకూరు పోయాం. నాయన ఎలిమెంటరీ స్కూల్లో టీచరు. ఆయన దగ్గర చదువుకున్న ఒకాయన ఆత్మకూరు బస్టాండు పక్కన రేడియో రిపేరు షాపు పెట్టి, మెల్లగా టీవీలు కూడా అమ్ముతున్నాడు. తెలిసినవాడైతే మోసం ఉండదని నాయన నమ్మకం. నన్నెందుకు తీసుకుపోయాడంటే, ఇంటర్ చదువుతున్నాను కాబట్టి ఇట్లాంటివన్నీ నాకు తెలుస్తాయని. నాకేం తెలుసు, నా బొంద! అయినా తెలిసినట్టే మొహం పెట్టి పోయాను.

షాపాయన మమ్మల్ని కూర్చోబెట్టి, సోడాలు తెప్పించి, రెండు టీవీలు పక్కపక్కన పెట్టాడు.

"సార్, ఇది కొత్త సరుకు. ఇరవై అంగుళాలు, బ్లాక్ అండ్ వైట్. అది పద్నాలుగు అంగుళాలే, అయితే కలరు. ఒక ఆఫీసరు బదిలీ అయిపోతా ఇచ్చిపోయినాడు. వాడింది కాబట్టి రెండిటికీ రేటు ఒకటే. ఏది కావాలన్నా మీ ఇష్టం."

రెండూ ఒకేసారి ఆన్ చేశాడు. రైతుల కార్యక్రమం వస్తోంది. ఒకావిడ చేలో వంగి మిరపకాయలు కోస్తోంది. పెద్ద టీవీలో ఆమె నిజంగా పెద్దగా ఉంది, మొహం మీద చెమట కూడా కనబడుతోంది, కానీ ఒళ్లో కాయలు బూడిదలో దొర్లించినట్టున్నాయి. నేను తల పక్కకు తిప్పి చిన్న టీవీ చూశాను.

ఓరి దేవుడా. ఎలా చెప్పేది? అవే కాయలు, అదే మనిషి, అదే చేను. కానీ పచ్చటి ఆకుల మధ్య ఆ ఎరుపు చూసేసరికి నా ఒళ్లు జలదరించింది. బయట ఎండలో రోజూ చూసే రంగే గదా, మా పెరట్లో ఎండబోసే కాయలే గదా, మరి డబ్బాలోంచి వస్తే గుండె ఎందుకంత కొట్టుకోవాలి? ఆమె చిలకపచ్చ చీర కట్టుకుందని నాకు అప్పుడు తెలిసింది. పక్క డబ్బాలో ఆ చీరకు ఏ రంగూ లేదు. ఒకే మనిషి ఒకచోట బతికి, ఇంకోచోట ఫోటోలో ఉన్నట్టు. చేతిలో సోడా ఉందని మర్చిపోయి పావడా మీద ఒలకబోసుకున్నాను.

నాయన మాత్రం ఎద్దులు కొనేవాడు చూసినట్టు చూశాడు. మాకు కొంచెం మెట్ట సేద్యం ఉండేది, ఎద్దును కొనాలంటే నాయన ముందు దూరం నుంచి చూస్తాడు, తర్వాత చుట్టూ తిరుగుతాడు, పడుకున్నదాన్ని లేపి చూస్తాడు, అంతసేపూ ఒక్క మాట మాట్లాడడు. ఇక్కడా అంతే. రెండు టీవీల వెనక్కీ పోయి వంగి చూశాడు. తట్టి చూశాడు. ఆర్పించాడు, మళ్లీ వెలిగించాడు, ఏది ముందు లేస్తుందో చూశాడు. చివరికి రోడ్డు దాటి అవతల టీ అంగడి దగ్గర నిలబడి, కళ్ల మీద చెయ్యి అడ్డం పెట్టుకుని చూశాడు. బస్సులు అడ్డమొస్తే అవి పోయేదాకా ఆగాడు. షాపాయన నా వైపు తిరిగి మెల్లగా, "సార్ స్కూల్లో గూడా ఇట్టనే, ఒక్క లెక్క దిద్దేదానికి పొద్దు గూకేది," అన్నాడు.

నాయన తిరిగొచ్చి తీర్పు చెప్పాడు. "పెద్దదే తీసుకుందాం. వీధి వీధంతా వస్తాది. వెనక కూసున్నోళ్లకు గూడా కనపడాల. పైగా మనిషి మొగం దీంట్లో అరచెయ్యంత ఉండాది, దాంట్లో నిమ్మకాయంత. అమ్మ చూడాల్సింది మొగం గదా?"

న్యాయమైన మాటే. ఇప్పుడు ఒప్పుకుంటాను. అప్పుడు మాత్రం నాకు ముక్కు మీద కోపం. ఆ రంగు చూశాక ఆ బూడిద డబ్బాను ఇంటికి తీసుకుపోవడమంటే నాకు ఏడుపొచ్చింది. కానీ ఏడుపుతో నాయన దగ్గర పని జరగదు, న్యాయం మాట్లాడాలి. మాట్లాడాను.

"మొగం చూసేదానికి ముందు మనిషి యాడున్నాడో తెలియాల గదా నాయనా? ఆడ వందలమంది నడస్తారు. అందరికీ తలపాగాలే, అందరికీ మీసాలే. చిన్నాయన ఏమని రాసినాడు? ఎర్రకుచ్చు. దీంట్లో ఎరుపేది? నలుపేది? అన్ని కుచ్చులూ బూడిదే. ఎవురో పంజాబాయన్ని చూసి మన చిన్నాయన అనుకుంటాది అవ్వ. అప్పుడు ఏం చేస్తావు?"

నాయన మళ్లీ రెండింటి వైపూ చూశాడు. షాపాయన తలగోక్కుంటూ, "పాప చెప్పేది గూడా నిజమే సార్," అన్నాడు. అంతే, నా మాట నెగ్గింది. పద్నాలుగు అంగుళాల రంగుల డబ్బాకు గోనెపట్టా చుట్టించి, పురికొసతో కట్టించి బస్సెక్కాం. సీట్లో పెట్టి ఇద్దరం చెరో వైపు పట్టుకుని కూర్చుంటే, కండక్టరు వచ్చి, "ఎవురు సార్ మధ్యలో, మీ అమ్మా? ముసుగు తీయమనండి, టికెట్ కొడతాను," అన్నాడు. బస్సంతా నవ్వింది. నేను గతుకు వచ్చినప్పుడల్లా దాని మీద పడి కాపాడుతూ ఉదయగిరి దాకా వచ్చాను. ఆ దారి అంతా నాకు కళ్లముందు చిలకపచ్చ చీరే.

ఆ సాయంత్రం వీధంతా మా వాకిట్లో ఉంది. నాయన యాంటెనాకు ఇనపపైపు బిగించి కప్పు మీద నిలబెట్టాడు, ఫ్లాట్ వైరు కిటికీలోంచి లోపలికి లాగాడు. "పక్కకు జరగండి, రంగులు చూద్దురు గానీ," అని నేనే అందరికీ చెప్పాను. పెళ్లికూతురి తల్లి కూడా అంత హడావుడి చేసి ఉండదు. స్విచ్చి వేశాం. చాలాసేపు తెరంతా ఇసక పోసినట్టు చుక్కలే. యాంటెనా అటు తిప్పితే ఇసక, ఇటు తిప్పితే ఇసక. ఒకచోట మనిషి కనబడ్డాడు. నల్లగా, తెల్లగా, పక్కన ఆ మనిషిదే ఇంకో నీడ. సిగ్నలు కొండకు తగిలితే బొమ్మ రెండుగా వస్తుందని తర్వాత తెలిసింది. రంగు మాత్రం రాలేదు. ఏ మర తిప్పినా రాలేదు. నిమ్మకాయంత మొహాలు, బూడిద.

"రంగు ఏదమ్మే?" అన్నారు ఎవరో వెనక నుంచి.

"ఆత్మకూరులోనే దిగిపోయుంటాది. బస్సులో సీటు దొరకలేదేమో," అన్నారు ఇంకెవరో. అందరూ పగలబడి నవ్వారు. నాకు అక్కడికక్కడే భూమిలోకి పోవాలనిపించింది. ఇటు పెద్ద బొమ్మా పాయె, అటు రంగూ పాయె. రెండూ పోగొట్టింది నేనే. నాయన నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే తిరిగి నాలుగు అనేదాన్ని, మనసు తేలికయ్యేది. ఆయన ఊరికే మర తిప్పుతూనే ఉన్నాడు.

జనం పోయాక అవ్వ వచ్చి టీవీకి బాగా దగ్గరగా కూర్చుంది. కాసేపు ఆ నీడల్ని చూసింది. "ఇంత చిన్నగా ఉంటే వాణ్ణి ఎట్టా పట్టేది? కుచ్చు ఎర్రగా కనపడదా?" అని నన్ను అడిగింది. నేను వంటింట్లోకి పోయాను. కవాతు ఇంకా నాలుగు రోజులుంది.

మరునాడు నాయన బడికి సెలవు పెట్టి ఆత్మకూరు పోయాడు. షాపాయన పాపం మంచివాడు, తప్పు నాదే సార్ అన్నాడట. తప్పు ఎవరిదీ కాదు, దూరానిది. నెల్లూరు వైపు నుంచి వచ్చే సిగ్నలు ఆత్మకూరులో దిట్టంగా ఉంటుంది, మా దగ్గరికి వచ్చేసరికి సన్నబడుతుంది. సన్నబడితే ఆ టీవీ రంగు చూపించదు, బొమ్మ మాత్రమే చూపిస్తుంది. పైగా మా వీధి కొండ కింద పల్లంలో ఉంది. కొన్నది వేయించి చూసుకున్నాం, బాగానే ఉంది. కానీ అక్కడి గాలిలో చూసుకున్నాం. ఎద్దును కొనేటప్పుడు దాన్ని మన చేలో నడిపించి చూడం గదా, సంతలోనే నడిపిస్తాం. నాయన ఆ అలవాటుతోనే పోయాడు, నేను ఆ అలవాటుకి తోడుపోయాను.

"ఎంత ఎత్తుకు పోతే అంత మంచిది, పైపు ఇంకా పైకి లేపండి సార్ అన్నాడు," అని నాయన చెప్పాడు. "ఇంకెంత లేపేది? గాలికి పడిపోతాది."

అప్పుడు అవ్వ వాకిట్లోంచి తలెత్తి చూసింది. మా వీధిలో అందరికంటే ఎత్తయినది ఒకటే. మిషను దొరల కాలంలో రాళ్లతో కట్టిన చర్చి, దాని గంటగోపురం. నాయన అవ్వ చూపు పట్టుకుని, "అమ్మా, బాగుండదు," అన్నాడు. అవ్వ అప్పటికే చెప్పులు వేసుకుంటోంది. నేనూ వెనకాలే పరిగెత్తాను.

పాస్టరయ్య అరుగు మీద కూర్చుని ఆదివారం ప్రసంగం రాసుకుంటున్నాడు. అవ్వ వందనాలు చెప్పి, ఉన్న సంగతి ఉన్నట్టు చెప్పింది. యాంటెనా గోపురం మీద కట్టనివ్వాలి, వైరు మా ఇంటిదాకా అందదు కాబట్టి టీవీ కూడా చర్చి వెనక సండే స్కూలు గదిలో పెట్టనివ్వాలి. పాస్టరయ్య కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు, మళ్లీ పెట్టుకున్నాడు.

"అమ్మా, నిరుడు గదా టీవీల మీద ప్రసంగం చేసినాను. మీరే ముందర కూసోని ఆమెన్, ఆమెన్ అన్నారు."

"అన్నాను. కాదంటున్నానా? మళ్లీ ఆదివారం చెప్పండి, మళ్లీ అంటా. ఈ ఒక్కదినం నా బిడ్డను చూసుకోనీండి అయ్యగారూ. ఇన్నేళ్లుగా శనివారం శనివారం ఈ గుడి ఊడస్తా ఉండా. ఎప్పుడన్నా ఒకటి అడిగినానా?"

ఆయన రాసుకుంటున్న కాగితాలు మడిచి పక్కన పెట్టాడు. తర్వాత రెండు షరతులు పెట్టాడు. కవాతు అయిన మరుక్షణం టీవీ ఆర్పేయాలి. రెండోది, మా చర్చిలో కొత్త బెంచీ చేయించినా, బోరు వేసినా ప్రార్థన లేకుండా ఏదీ మొదలు కాదు గనక, దీనికీ ప్రార్థన ఉండాలి. అవ్వ రెండింటికీ ఒప్పుకుంది. రెండోదానికి ఎవరు ఒప్పుకోరు?

ఇరవయ్యారు పొద్దున చలిగా ఉంది. గంట కొట్టే పెద్దాయన, ఏళ్ల తరబడి ఆ గోపురం ఎక్కి దిగినవాడు, పైపును వీపున కట్టుకుని పైకెక్కాడు. గంట పక్కన దాన్ని బిగించి, వైరు కిందికి జారవిడిచాడు. సండే స్కూలు గదిలో, పిల్లలు వాక్యాలు వల్లించే బల్ల మీద టీవీ పెట్టాం. వీధంతా వచ్చింది. పోయినసారి నవ్వినవాళ్లు కూడా వచ్చారు. అవ్వ ఉతికిన తెల్లచీర కట్టుకుని ముందు బెంచీలో, నేను ఆమె పక్కన. స్విచ్చి వేశాం. బొమ్మ వచ్చింది. ఇంట్లో కంటే ఎంతో నయం, నీడలు లేవు, మనుషులు మనుషుల్లా ఉన్నారు. కానీ బూడిదే. నాయన కిటికీలోంచి తల బయటపెట్టి, "కొంచెం అటు తిప్పు!" అని అరుస్తున్నాడు. పైనుంచి, "అటంటే ఎటు?" అని వినబడుతోంది. ఢిల్లీలో గుర్రాలు పోయాయి, ట్యాంకులు పోయాయి. హిందీలో ఎవరో చెబుతున్నారు, మాకెవరికీ ఒక్క ముక్క అర్థం కాదు, ఎవరు వస్తున్నారో ఎవరు పోతున్నారో తెలియదు. అవ్వ గుర్రాల మీదున్నవాళ్ల బూడిద కుచ్చులను కూడా కళ్లు చిట్లించి చూస్తూ, "వీళ్లా? వీళ్లా?" అని నా మోచెయ్యి పట్టి లాగుతోంది.

అప్పుడు పాస్టరయ్య లేచాడు. "నడిచే దళాలు ఇంకా వచ్చేటట్టు లేవు. ఈలోపల ప్రార్థన చేసుకుందాం," అన్నాడు. టీవీ ఆర్పితే మళ్లీ బొమ్మ వస్తుందో రాదో అని నాయన భయపడి, సౌండు మాత్రం తగ్గించాడు. అందరం తలలు వంచి కళ్లు మూసుకున్నాం.

మా అవ్వ దగ్గర ప్రార్థనలో కళ్లు తెరవడమంత తప్పు ఇంకొకటి లేదు. తను కళ్లు మూసుకునే కనిపెట్టేది, ఎలాగో! తొడ మీద ఒక్క గిల్లు గిల్లితే మూడు రోజులు కమిలేది. పాస్టరయ్య ప్రార్థనలు ఎప్పుడూ పొడుగే, ఆరోజు ఇంకా పొడుగు. సరిహద్దులో ఉన్న బిడ్డల కోసం, పాలకుల కోసం, వానల కోసం, సంఘంలో జ్వరాలతో ఉన్నవాళ్ల కోసం ప్రార్థించాడు. గోపురం మీద ఉన్న పెద్దాయన కాలు జారకుండా ఉండాలని ప్రార్థించాడు. కరెంటు పోకుండా ఉండాలని కూడా ప్రార్థించాడు, దానికి అందరూ గట్టిగా ఆమెన్ అన్నారు.

పైనున్న పెద్దాయనకు మాత్రం కింద ప్రార్థన జరుగుతోందని తెలియదు. ఆయన పైపు తిప్పుతూనే ఉన్నాడు. ఇనుము కిర్రుమన్న చప్పుడు, ఆ వెంటనే టీవీలో ఇసకపోస్తున్నట్టు వచ్చే శబ్దం ఒక్కసారిగా ఆగిపోవడం నా చెవిన పడ్డాయి. గిల్లినా సరే అనుకుని ఒక కన్ను తెరిచాను.

ఎరుపు.

నేను రెండో కన్ను కూడా తెరిచాను. అంత చిన్న డబ్బాలో అంత ఎరుపు ఎలా పట్టిందో! ఎండలో రోడ్డు బంగారంగా ఉంది, గడ్డి పచ్చగా ఉంది, ఆ మధ్యలో వరసలు వరసలుగా ఎర్రకుచ్చులు, అన్నీ ఒకేసారి లేస్తున్నాయి, ఒకేసారి వాలుతున్నాయి. వందమంది కలిసి ఒక్క ప్రాణిగా నడుస్తున్నారు. ఆత్మకూరులో చూసింది దీని ముందు ఏపాటి! గదిలో ఇంతమంది తలలు వంచుకుని ఉంటే, ఆ ఎరుపును చూస్తున్నది ప్రపంచంలో నేనొక్కదాన్నే అనిపించింది. దేవుడి కోసం కళ్లు మూసుకున్న గదిలో నాకు దేవుడే కనబడ్డట్టయింది, తప్పయితే క్షమించాలి. మొహాలు కూడా కనబడి ఉంటాయి. ఒక్కొక్క మొహాన్నీ దగ్గరగా చూపించి ఉంటారు. నేను కుచ్చులనే చూస్తున్నాను.

ఎంతసేపు అలా ఉన్నానో తెలియదు. తర్వాత గుర్తొచ్చింది. ఎర్రకుచ్చు. చిన్నాయన.

"అవ్వా! కళ్లు తెరువు! అవ్వా!"

చర్చిలో ప్రార్థన మధ్యలో అంత గట్టిగా అరిచినవాళ్లు అంతకుముందు లేరు, తర్వాతా లేరు. పాస్టరయ్య మాట మధ్యలోనే తెగింది. అందరి కళ్లూ ఒకేసారి తెరుచుకున్నాయి. అవ్వ కూడా తెరిచింది. కానీ అప్పటికే కెమెరా వెనక్కి మారిపోయింది. దళం మా నుంచి దూరంగా నడిచిపోతోంది. అన్నీ వీపులు. పైన ఎర్రకుచ్చులు.

"అయ్యో," అని నాయన గొంతు వినబడింది.

అవ్వ బెంచీ మీంచి లేచి, మోకాళ్ల మీద టీవీ దగ్గరికి పోయింది. చివరి వరస మీద వేలు పెట్టి, ఆ కొస నుంచి ఈ కొసకు మెల్లగా జరిపి, అక్కడ ఆపింది.

"అదుగో. వీడే."

"అన్నీ వీపులే గదమ్మా కనపడతా ఉండేది. ఎట్టా చెప్పగలవు?" అన్నాడు నాయన.

"నీళ్లు పోసి పెంచిన వీపురా. నాకు తెలవదా?" అంది అవ్వ, వేలు తియ్యకుండానే. "పోయినసారి బస్సెక్కేటప్పుడు గూడా నేను చూసింది వీపే. వాడు తిరిగి చూడడు. చూస్తే ఏడస్తాడని భయం వాడికి. ఈ పొద్దు గూడా చూడు, తిరగలా."

బొమ్మ మారిపోయింది. ఎర్రకుచ్చులు పోయి ఏనుగులు వచ్చాయి, వాటి మీద జరీ గుడ్డలు. గది మొత్తం ఒక్కసారిగా "ఆఁ" అంది. నేనూ నాయనా తప్ప వీధిలో ఎవరూ అప్పటిదాకా టీవీలో రంగుల బొమ్మ చూడలేదు. గంట కొట్టే పెద్దాయన దిగివచ్చి గుమ్మంలో నిలబడి, తను పైన తిప్పిన దానివల్ల కింద ఏం జరిగిందో చూసి, తల మీది గుడ్డ తీసి చేతిలో పట్టుకున్నాడు. పాస్టరయ్య ప్రార్థన ఎక్కడ ఆపాడో మర్చిపోయి, కాసేపటికి చిన్నగా "ఆమెన్" అని, తన కుర్చీని ఇంకొంచెం ముందుకు జరుపుకున్నాడు. కవాతు అయిపోయాక కూడా మొదటి షరతు ఆయనకు గుర్తు రాలేదు, మేమూ గుర్తు చెయ్యలేదు.

మధ్యాహ్నం అందరూ పోయాక గది ఊడ్చడానికి అవ్వ చీపురు పట్టుకుంది. నేను బెంచీలు జరుపుతున్నాను. నాయన యాంటెనా విప్పించడానికి పైకి పోయాడు. అప్పట్నుంచీ వీధిలో అందరూ నన్ను మెచ్చుకుంటూనే ఉన్నారు: ఆ పిల్ల కేక పెట్టబట్టి ముసలామె ఆ మాత్రమన్నా చూసింది అని. ప్రార్థనలో కళ్లు తెరిచినందుకు అవ్వ నన్ను గిల్లలేదు సరిగదా, తలమీద చెయ్యి కూడా పెట్టింది. నాకది గిల్లుడు కంటే ఎక్కువ నొప్పిగా ఉంది. చెప్పకుండా ఉండలేకపోయాను.

"అవ్వా, నేను ముందే చూసినాను."

"ఎంత ముందు?"

"మొగాలు కనపడేటప్పుడే. ఆ ఎరుపు చూసి నోరు తెరుచుకోని అట్టనే ఉండిపోయినా. నిన్ను పిలవాలనే తోచలా. వెంటనే పిలిచుంటే చిన్నాయన మొగం చూసేదానివి."

చీపురు ఆగింది. ఇప్పుడు తిడుతుంది అనుకున్నాను, తిట్టాలని కోరుకున్నాను. అవ్వ నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడి, బల్లమీద ఆరిపోయి ఉన్న టీవీని చూసింది.

"అంత బాగుండిందా?" అంది.

"బాగుండిందవ్వా."

"ఎట్టుండిందో చెప్పు," అని బెంచీ మీద కూర్చుంది.

నేను ఆమె కాళ్ల దగ్గర కూర్చుని చెప్పాను. దాసానిపువ్వు ఎరుపా, దానిమ్మపువ్వు ఎరుపా అని అడిగింది. కుచ్చు ఎంత పొడుగు అని అడిగింది. గాలికి ఊగిందా, నడకకు ఊగిందా, అందరిదీ ఒకేసారి ఊగిందా, రోడ్డు ఎట్లా ఉంది, ఎండ పడుతోందా, వాళ్లకు చలి వేస్తున్నట్టుందా అని అడిగింది. నాకు గుర్తున్నదంతా చెప్పాను, అడిగినదే మళ్లీ అడిగితే మళ్లీ చెప్పాను. చిన్నాయన మొహం ఎట్లా ఉందని మాత్రం ఆమె అడగలేదు. నేను చూడలేదని ఆమెకు తెలుసు.